సాయంత్రం నీళ్ళు వదిలే చోటు

డిసెంబరు 3, బుధవారం

రాయి శారోనూ. అక్షరం తప్పొస్తే నువ్వు దిద్దుకో, మాట మాత్రం మార్చకు.

నా పేరు సువార్తమ్మ. రాజోలుకి దిగువన మా పేట. నా కొడుకు బెన్నీ మిలిటరీలో హవల్దారు. పోయిన నెల మంచుకొండల్లో డ్యూటీలో ఉండగా చనిపోయాడు. పెట్టె మీద జెండా కప్పి తెచ్చారు. తుపాకులు పైకెత్తి పేల్చారు. ఊరంతా చూసింది. ఇప్పుడు పంచాయతీ ఆఫీసు ముందు నల్లరాయి ఒకటి నిలబెడుతున్నారు. దేశం కోసం పోయిన మన చుట్టుపక్కల వాళ్ళ పేర్లు దాని మీద చెక్కుతారు. జనవరి ఇరవై ఆరున తెర తీస్తారు. ముగ్గురి పేర్లున్నాయి. నా కొడుకు పేరు లేదు.

ఇదీ నా కేసు.

అమలాపురంలో లాయరుగారి గుమాస్తా, ఎవరేమన్నారో ఏ రోజుది ఆ రోజే రాయించి పెట్టుకోమన్నాడు, తరవాత మాట తేడా రాకుండా ఉంటుందన్నాడు. నాకు చదువు లేదు. నా కోడలు శారోనుకి ఉంది, రాజోలు కాన్వెంటులో పిల్లలకి చెబుతుంది. అందుకని వంటిల్లు సర్దుకున్నాక తను రాస్తోంది. ఇది ఎవరికీ చూపించేది కాదు. నా కోసం.

రాయి కమిటీకి పెద్ద మాణిక్యాలరావుగారు. అంతర్వేది వైపు సముద్రంలో చేపల వేటకెళ్ళే కుటుంబం. సుబేదారుగా రిటైరయ్యారు. తొడలో తూటా ముక్క ఇంకా ఉందంటారు. మంచివాడు. మంచివాడు కాబట్టే నాకు కోపం ఎక్కువ. చెడ్డవాడైతే తిట్టి వచ్చేసేదాన్ని. "అక్కగారూ, శత్రువు చేతిలో పోయినోళ్ళ పేర్లేనండి ఇవి. మీ అబ్బాయిది ప్రమాదవండి" అన్నారు. కుర్చీ వేశారు. నేను కూర్చోలేదు.

బెన్నీ ఇంజినీర్ల పటాలంలో చేశాడు. వాళ్ళు వంతెనలు కడతారు. అది కూడా రాయి.

శారోను తలెత్తి నా వైపు చూసింది. రాయమన్నాను. రాసింది.

డిసెంబరు 5

ఈ రోజు ఎవరూ ఏమీ అనలేదు. నేనే ఎవరితోనూ మాట్లాడలేదు.

డిసెంబరు 8, సోమవారం

కలెక్టరు ఆఫీసులో సోమవారం అర్జీలు తీసుకుంటారంటే అమలాపురం వెళ్ళాం. లోపల చిన్నవయసు ఆఫీసరు. మర్యాదగానే అడిగాడు, మీ అబ్బాయి ఏం చేసేవారమ్మా అని. మిలిటరీ అన్నాను. మిలిటరీలో ఏం పని అన్నాడు. నేను ఆలోచించుకునే లోపల శారోను చెప్పేసింది.

"ప్లంబరండి."

వెనకాల లైన్లో ఎవరో దగ్గారు. దగ్గో నవ్వో నాకు తెలుసు.

బస్సులో దానితో మాట్లాడలేదు. గన్నవరం వంతెన దాటాక అదే అంది, "అబద్ధం చెప్పేనా అత్తయ్యగారూ?" అని. "నిజమే చెప్పావు, అడగని వాళ్ళకి కూడా వినపడేలా చెప్పావు" అన్నాను.

ఇప్పుడు ఎందుకు దాచాను అంటే చెబుతాను, రాయి. మా అమ్మ పక్క ఊరి మోతుబరుల సావిట్లో పేడ ఎత్తింది. నేనూ ఎత్తాను. దొడ్లు కడిగాను. వాళ్ళ మురుగు కాలవలో పూడిక పారతో తీసింది మా ఆయన. నా కొడుకు ఇంటర్ చదివి, రావులపాలెంలో లారీ ఎక్కి, భర్తీకి పోయి, బట్టలిప్పి పరుగెత్తి, నెగ్గి యూనిఫారం వేసుకున్నాడు. ఆ రోజుతో మా ఇంటికి పారా తట్టా అయిపోయాయి అనుకున్నాను. తర్వాత ఫోన్‌లో, అమ్మా నాకు ప్లంబరు ట్రేడ్ ఇచ్చేరే అన్నాడు. సంతోషంగానే అన్నాడు. ప్లంబరంటే మన జనానికి కళ్ళముందు ఏం కనిపిస్తుంది? దొడ్డి పైపు. అందుకని వంతెనలన్నాను. అందులో ఎవడి సొమ్ము పోయింది?

డిసెంబరు 14, ఆదివారం

చర్చి అయ్యాక చెప్పులు వేసుకుంటుంటే పక్కింటి పైడమ్మ తగులుకుంది. అమలాపురం మాట అప్పుడే ఊళ్ళోకొచ్చేసింది.

"ఏం సువార్తా, మీవోడు మిలిటరీలో కుళాయిలు బిగించేవోడంటగా. మా బోరింగు ఏడాదై కారిపోతోంది, ఒక్కసారైనా చెప్పేవు కాదు."

"చెబితే నీ బోరింగు బాగయ్యేది పైడమ్మా. నీ నోరు కారకుండా బిగించే సామానే వాడి దగ్గర లేదు."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఇంటికొచ్చి మంచం మీద పడుకున్నాను. తలనొప్పి. అంతే.

సాయంత్రం శారోను తనంతట తనే బెన్నీ ట్రైనింగు కబుర్లు ఎత్తింది. పెళ్ళైన కొత్తలో దానికి చెప్పాడట. బెంగళూరులో ముందు డ్రిల్లు, తుపాకీ, అందరిలాగే. తర్వాత ట్రేడు. మొదట్లో పైపు కొయ్యడం ఒక్కటే, వేరే పనివ్వరు. కోసిన అంచు లోపల పని నేర్పే ఉస్తాదు వేలు పెట్టి తిప్పుతాడట, గీరుకుంటే మళ్ళీ కొయ్యాలి. తర్వాత పైపు చివర మర తియ్యడం. నీళ్ళు కారకుండా మర మీద జనపనార చుట్టి, తెల్లముద్ద రాసి, బిగించడం. కళ్ళకి గుడ్డ కట్టి కూడా చేయిస్తారట, చీకట్లో పనిపడితే దీపం వెలిగించకూడని చోట్లు ఉంటాయి కదా. నీళ్ళెక్కించి చూసినప్పుడు చెమర్చిందా, ఇప్పి మళ్ళీ కట్టాలి. తిట్టరు, కొట్టరు. అందరూ అన్నానికి వెళ్ళిపోతారు, ఆ ఒక్కడు ఇప్పి మళ్ళీ కడుతుంటాడు.

"ఉస్తాదు బాగుందా అని అడగడంట అత్తయ్యగారూ. చెయ్యి పెట్టి చూస్తాడంట. నోటి మాట నమ్మకూడదని అదే మొదటి పాఠవంట" అంది.

తర్వాత వాడే ఉస్తాదయ్యాడు. కుర్రాళ్ళకి నేర్పాడు. ఇవన్నీ నాతో చెప్పలేదు. నేను అడగలేదని కాదు, వాడికి తీరిక దొరకలేదు.

డిసెంబరు 25

నక్షత్రం కట్టలేదు. పాస్టరుగారొచ్చి ప్రార్థన చేసి వెళ్ళారు. పైడమ్మ కేకు తెచ్చింది. తిన్నాను.

డిసెంబరు 29, సోమవారం

మాణిక్యాలరావుగారు ఇంటికొచ్చారు. పటాలం నుంచి ఆయనకి కాయితం వచ్చింది. మా ముందు చదివి తెలుగులో చెప్పారు. సాయంత్రం నీటి లైను పని మీద కిందికి దిగినప్పుడు మంచుగడ్డ మీద కాలుజారి లోయలో పడ్డాడు. బూట్లకి వేసుకోవలసిన మేకుల పట్టీ వేసుకోలేదు. కాబట్టి తన అజాగ్రత్త.

"ఏమన్నారూ?"

"తన అజాగ్రత్త వల్లండి. నేనన్లేదక్కగారూ, కాయితం అంది."

వాడు అజాగ్రత్త మనిషా? సెలవుకొస్తే కుళాయి కూడా వేలితో నెమ్మదిగా తిప్పేవాడు, లోపల వాషరు నలుగుతుందని. నేను గిన్నె విసిరితే తీసి బోర్లించేవాడు. పొలం గట్టు మీద నడిస్తే ముందు కాలు వేసి చూసి, తర్వాత బరువు వేసేవాడు. అలాంటివాడు మంచుకొండ మీద మేకుల పట్టీ మర్చిపోతాడా?

మాణిక్యాలరావుగారు కాయితం మడిచి జేబులో పెట్టుకున్నారు. తర్వాత అసలు మాట చెప్పారు. శత్రువు చేతిలో పోయాడా కొండ చేతిలో పోయాడా అన్నది కమిటీలో తను చూసుకుంటారట, డ్యూటీలో పోయాడని వాళ్ళని ఒప్పిస్తారట. ఆ ఒక్క మాట ఉండగా మాత్రం తన వల్ల కాదట. అజాగ్రత్తతో పోయినవాడి పేరు పక్కన పెడితే మిగతా ముగ్గురి ఇళ్ళవాళ్ళూ ఊరుకోరట.

సరే. ఇప్పుడు నా కేసు రాయితో కాదు, ఆ మాటతో.

జనవరి 2

అజాగ్రత్త. అజాగ్రత్త. కూర తరుగుతున్నా అదే.

జనవరి 9, శుక్రవారం

నిన్నటిది ఇవాళ రాయిస్తున్నాను. నిన్న శారోను పెన్ను పట్టుకోలేదు.

నిన్న మధ్యాహ్నం కొత్తపేట కుర్రాడొకడు వచ్చాడు. పేరు జాయ్. బెన్నీ దగ్గర పని నేర్చుకుని అదే పోస్టులో వాడి కింద చేసినవాడు. మా మతం వాళ్ళే. సెలవు మీద ఇంటికొచ్చి, మమ్మల్ని చూసి వెళ్దామని వచ్చాడట. బూందీ పొట్లం తెచ్చాడు. బెన్నీ ఫోటోకి సెల్యూట్ చేశాడు. అన్నం పెడితే కలిపాడు కానీ ముద్ద ఎత్తలేదు.

"బాబూ, నీ ఉస్తాదు మేకుల పట్టీ ఎందుకు వేసుకోలేదు?" అని అడిగాను. అడగాల్సింది అదొక్కటే కదా.

వాడు చెయ్యి కడిగేసుకున్నాడు. తర్వాత చెప్పడం మొదలెట్టాడు. మధ్యలో నేను చాలా అడగాల్సి వచ్చింది, ఆ కొండల సంగతి నాకు తెలియదు కాబట్టి.

పోస్టు, అంటే జవాన్లు కాపలా ఉండే చోటు, కొండ పైన ఉంటుందట. నీళ్ళు కింద వాగులో. పంపు పెట్టి ఇనప పైపులో పగలు పైకి ఎక్కిస్తారు. పొద్దువాలే వేళకి పైపులో చుక్క లేకుండా వదిలెయ్యాలి. లేకపోతే రాత్రికి గడ్డకట్టి పైపు పగిలిపోతుంది, తెల్లారి పోస్టులో తాగడానికి ఉండదు. మన చేలల్లో నీరు పెట్టడం కంటే తియ్యడం కష్టం కదా, అలాంటిదే అనుకున్నాను. వదిలే చోట ఒక వాల్వు, దాని చివర వంపు ముక్క. ఆ మూతి లోయ వైపు ఉండాలి. ఉంటే నీళ్ళు లోయలో పడతాయి, దారి పొడిగా ఉంటుంది. దారి వైపు ఉంటే పడిన నీళ్ళు నిమిషాల మీద గాజులా గడ్డకడతాయి.

చలి ముదరకముందు ఆ వంపు ముక్క మార్చమని బెన్నీ జాయ్‌కి అప్పగించాడు. జాయ్ బిగించాడు. పూర్తిగా బిగిసేసరికి మూతి దారి వైపు ఉండిపోయింది. ఇంకా తిప్పితే మర పగులుతుంది. అప్పుడు చెయ్యాల్సింది ఇప్పి, నార మళ్ళీ చుట్టి, మళ్ళీ కట్టడం. చేతులు కొంకర్లు పోయాయి, చీకటి పడుతోంది. వదిలేసి పైకొచ్చేశాడు. బెన్నీ ఆ రాత్రే వేరే పోస్టుకి వెళ్ళాలి, బండి కాచుకుని ఉంది.

"లోయ వైపు తిప్పేవా అనడిగేరండి. తిప్పేనండి అన్నాను."

చెయ్యి పెట్టి చూసే మనిషి ఆ రోజు నోటి మాట నమ్మాడు.

ఆ తర్వాత రోజూ జాయే దిగి నీళ్ళు వదిలేవాడు, మేకుల పట్టీ వేసుకుని, గడ్డ మీద బూడిద చల్లి. రేపు సరిచేద్దాం, ఎల్లుండి సరిచేద్దాం. ఈలోగా చలి ముదిరి మర గడ్డకట్టి బిగిసిపోయింది. మంట ఊదే బ్లోలాంపుతో కాగబెడితే గానీ కదలదు. స్టోరులో బ్లోలాంపు అడిగితే ఎందుకని అడుగుతారు. బెన్నీ తిరిగొచ్చిన వారంలోనే జాయ్‌కి జ్వరం వచ్చింది. నువ్వు పడుకోరా నేను వదిలొస్తానని బెన్నీ దిగాడు. దారి పొడిగా ఉంటుందనే కదా దిగాడు. అందుకే పట్టీ వేసుకోలేదు.

శారోను లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది.

నేను వాణ్ని కొట్టలేదు. అది కూడా రాయి, కొట్టలేదని. ఎంక్వయిరీలో ఈ మాట చెప్పావా అని అడిగాను. లేదన్నాడు. అందరూ మంచు అంటే మంచే అనుకున్నారట, ఎవరూ అడగలేదట. వాణ్ని నాలుగేళ్ళకి తీసుకున్నారు, ఆ తర్వాత కొందరినే ఉంచుకుంటారు. చెబితే ఉంచుకోరు. ఇంటి దగ్గర అమ్మ ఒక్కతే ఉంది.

"రేపు పొద్దున్న నాతో మాణిక్యాలరావుగారి దగ్గరికొచ్చి ఇదే మాట చెప్పాలి. మీ అమ్మకి నువ్వున్నావు. నాకు ఆ రాయే ఉంది" అన్నాను.

"ఆయ్, వస్తానండి మామ్మగారూ" అన్నాడు. రాత్రి చర్చి వరండాలో పడుకున్నాడు. ఇంట్లో పడుకోమని నేను అనలేదు.

పడుకున్నాక నాకు నిజంగా సంతోషంగా ఉంది. ఆ మాట పోతుందని. అదే అనుకుంటూ నిద్రపోయాను. వేరే ఏదీ తట్టలేదు.

జనవరి 9, సాయంత్రం

ఇది ఇవాళ్టిది.

పొద్దున్నే ముగ్గురం మాణిక్యాలరావుగారి వరండాలో. ఆయన గెడ్డం గీసుకుంటూ ఉన్నారు, సబ్బు మొహంతోనే విన్నారు. జాయ్ నిటారుగా నిలబడి, చేతులు ప్యాంటుకి ఆనించి, ఏదీ తగ్గించకుండా చెప్పాడు. ఆయన మధ్యలో ఒక్క మాట అడగలేదు. అయ్యాక తువ్వాలు తీసుకుని మొహం తుడుచుకున్నారు.

నేను, ఇంక ఆ మాట కొట్టేయించండి అన్నాను.

ఆయన తొందరపడవద్దన్నారు. దీన్ని పద్ధతిగా రాసి పంపాలట. ముందు పై ఆఫీసుకి, అక్కడినుంచి పటాలానికి. కుర్రాడి బతుకు కూడా చూడాలట, తన తప్పు తనే ఒప్పుకున్నట్టు రాస్తే శిక్ష తగ్గేలా నేర్పుగా రాయాలట, తెలిసిన కర్నల్‌గారిని అడుగుతారట. నెల పడుతుందన్నారు. ఇరవై ఆరు దాటిపోతుంది కదా అన్నాను. దాటితే దాటనివ్వండి, ఖాళీ వదిలిస్తానన్నారు. ఖాళీ ఎవరికి కావాలన్నాను. ఇద్దరం గొంతులు పెంచాం. ఆయన భార్య గుమ్మంలోకి వచ్చింది.

అప్పటిదాకా శారోను స్తంభానికి ఆనుకుని నేల చూస్తూ ఉంది. అక్కడినుంచే అడిగింది, జాయ్‌ని.

"ఇప్పుడు సాయంత్రాలు ఎవరు దిగుతున్నారు?"

జాయ్ ప్యాంటుకి ఆనించిన చేతులు తీసి వెనక్కి పెట్టుకున్నాడు.

"నువ్విక్కడున్నావు కదా. అక్కడ నీళ్ళు ఎవరు వదులుతున్నారు?"

ఉస్తాదు పోయిన రోజు నుంచీ వేరేవాళ్ళని వెళ్ళనివ్వకుండా తనే దిగాడట. సెలవు వద్దన్నాడట, బలవంతాన పంపారట. ఇప్పుడు రాజస్థాన్ కుర్రాడొకడు దిగుతున్నాడు. కొత్తవాడు. పట్టీ వేసుకోమని, జాగ్రత్త అని చెప్పాడట. ఎందుకో చెప్పలేదు. మూతి ఇంకా దారి వైపే ఉంది.

నిన్న మధ్యాహ్నం నుంచీ నా దగ్గర ఈ సంగతంతా ఉంది. నిన్న సాయంత్రం అక్కడ ఏ తల్లి కొడుకో ఆ గడ్డ మీద దిగి ఎక్కాడు. నేను రాయి గురించి ఆలోచిస్తూ అన్నం తిని పడుకున్నాను.

"ఫోను చెయ్" అన్నాను.

జాయ్ మాణిక్యాలరావుగారి వైపు చూశాడు. ఆయన అడ్డం వచ్చారు, అక్కగారూ, ఫోన్లో ఒప్పేసుకుంటే వీడికి ఇంక ఏ రాతా పనికిరాదండి, ఒక్కరోజు ఆగండి అన్నారు.

"ఇవాళ సాయంత్రం నీళ్ళు వదలరా?" అని అడిగాను.

ఆయన మనిషే మారిపోయారు. తువ్వాలు భుజం మీంచి తీసేసి, చొక్కా తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని, జాయ్ ముందుకొచ్చి నిలబడ్డారు. హిందీలో ఏదో అన్నారు. జాయ్ మడమలు కలిపాడు. ఆయనే నంబరు కలిపి, తన పేరు, తన పాత పటాలం చెప్పి, ఫోను వాడి చేతికిచ్చారు. వాడు హిందీలో మాట్లాడాడు. నాకు అర్థమైనవి రెండే మాటలు, ఉస్తాద్, మై. మై అంటే నేను, ఆ మాట చాలాసార్లు అన్నాడు.

తిరిగిచ్చేటప్పుడు ఫోను ఆయన చేతికి అందక కింద పడింది. శారోను తీసి ఇచ్చింది. మధ్యాహ్నమే బ్లోలాంపు తీసుకుని మనుషులు దిగుతారట. వాణ్ని సెలవు మధ్యలోనే వెనక్కి రమ్మన్నారు.

జనవరి 10

జాయ్ వెళ్ళాడు. రావులపాలెం దాకా మాణిక్యాలరావుగారే బండి మీద తీసుకెళ్ళి బస్సెక్కించారు. అన్నం కట్టి ఇచ్చింది శారోను. నేను కాదు. నేను ఇంకా అంత మంచిదాన్ని కాలేదు.

మూతి తిప్పారట.

జనవరి 19, సోమవారం

అర్జీ ఏమైందని కలెక్టరు ఆఫీసుకి వెళ్దామా అంది శారోను. వద్దన్నాను.

జనవరి 23

మాణిక్యాలరావుగారొచ్చి కూర్చున్నారు. ఎంక్వయిరీ మళ్ళీ తెరిచారట. అక్కడి పెద్ద అధికారి ఫోన్లో ఆయనతో మాట్లాడాడట, హవల్దారు తప్పేమీ కనిపించడం లేదు, ఆ మాట ఉండదు, కాయితం మాత్రం తర్వాతే అన్నాడట. జాయ్ సంగతి అడిగాను. వాడి సంగతి వేరేగా తేలుస్తారట. మంచి జరగకపోవచ్చన్నారు. "నిజం చెప్పినోణ్ని మిలిటరీ గౌరవిస్తాదండి, కానీ ఉంచుకుంటాదని చెప్పలేనండి."

రాయి మీద మూడో పేరు కింద చోటు వదిలారు. ఏమని చెక్కించమంటారు, హవల్దార్ బెన్నీ అనేనా, లేకపోతే వీర జవాన్ అని పెట్టించనా అని అడిగారు. శారోను నేనేమంటానో అని చూస్తోంది.

"హవల్దార్ బెన్నీ, ప్లంబర్" అన్నాను.

మిగతా వాళ్ళకి ట్రేడ్ రాయలేదు కదండీ అన్నారు. మిగతా వాళ్ళ తల్లులు అడగలేదు అన్నాను.

జనవరి 26, సోమవారం

పిల్లలు జెండాలు పట్టుకుని వచ్చారు. తెర తీశారు. నున్నటి రాయి, పేర్లు తెల్లగా మెరుస్తున్నాయి. కింద జానెడు ఖాళీ. నాకు చదవడం రాదు కానీ ఖాళీ ఎక్కడుందో తెలిసింది. నా పక్కనే నిలబడ్డ పైడమ్మ, అదేంటి అలా వదిలేసేరు అని అడిగింది. మావాడిదని చెప్పాను. వాడు కొండ మీద నీళ్ళ లైను చూసేవాడని, సాయంత్రం పైపు ఖాళీ చెయ్యకపోతే తెల్లారి అందరికీ దాహమేనని, అది చెయ్యడానికి దిగి పోయాడని చెప్పాను. గట్టిగానే చెప్పాను. అది నా భుజం మీద చెయ్యి వేసింది. నేను తియ్యమనలేదు.

సాయంత్రం ఫోను మోగింది. జాయ్. ఎంక్వయిరీ అయ్యేదాకా వాణ్ని పాత పనిలోనే ఉంచారట. ఆ వాల్వు దగ్గర కాస్త సిగ్నల్ దొరుకుతుందట.

"మామ్మగారూ, ఇప్పుడు వదుల్తున్నానండి" అన్నాడు.

శారోను స్పీకరు పెట్టి ఫోనుని మంచం మీద ఉంచింది. ముందు గాలి హోరు. తర్వాత ఇనుము గీరుకున్న చప్పుడు. ఆ తర్వాత నీళ్ళు. దగ్గరగా మొదలై ఎక్కడో చాలా లోతున పడుతున్నాయి. ధార సన్నబడింది. చుక్కలయింది. ఆగిపోయింది.

"అయిపోయిందండి. పైపు ఖాళీ."

ఎంక్వయిరీ ఎంతవరకు వచ్చిందో, కాయితం ఎప్పుడొస్తుందో నేను అడగలేదు.

"ఇంక పైకెళ్ళు నాన్నా, చీకటి పడుతోంది" అన్నాను.